కట్టు విప్పారు సరే, ఆ తర్వాత?



మా సిరొంచ వైపు ఎండలు ఎలా ఉంటాయో విదర్భలో చుట్టాలున్నవారికి చెప్పనక్కర్లేదు. మార్చి దాటిందంటే ఇంటింటి కిటికీకీ ఒక కూలర్ ఎక్కుతుంది. కిటికీ ఊచలు దానికి అడ్డం వస్తాయి కనుక చాలామంది వాటిని కోయించి తీసేస్తారు. జూన్‌లో నాలుగు వానలు పడగానే కూలర్ దించి మూలన పెడతారు. ఊచలు మాత్రం మళ్ళీ పెట్టించరు. "వచ్చే ఎండాకాలం మళ్ళీ తియ్యాల్సిందేగా" అనుకుంటారు. గాలి కోసం మంచం కూడా ఆ కిటికీ పక్కనే వేస్తారు. పిల్లవాడు మంచం ఎక్కుతాడు, మంచం మీద దిండు ఎక్కుతాడు, వీధిలో ఐసు బండి గంట వినిపిస్తే తొంగి చూస్తాడు.

2022 జూన్ నెలాఖరులో మా ఊళ్ళో ఏడేళ్ళ పిల్లవాడు ఒకడు అలాగే మేడ మీది గది కిటికీలోంచి పడ్డాడు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది, అల్‌హందులిల్లాహ్. నుదురు చిట్లింది. కుడి మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. ముందు ఇక్కడి ఆసుపత్రిలో చూపించి, వంతెన మీదుగా గోదావరి దాటించి అవతల ఒక పట్టణంలో చేర్చారు. అక్కడి డాక్టర్లు ఎముకను సరిచేసి, అది కదలకుండా రెండు సన్నని తీగలు గుచ్చి, సగం పిండికట్టు వేశారు. వారానికి ఒకసారి వచ్చి ఎక్స్‌రే తీయించుకోవాలని, మూడు నాలుగు వారాలకు తీగలు తీస్తామని కాగితం మీద రాసి పంపించారు.

ఆ జూలైలో గోదావరి, ప్రాణహిత రెండూ ఎలా పొంగాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా తాలూకాలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. వరద తీశాక ఇళ్ళలో బురద ఎత్తుకోవడం, తడిసిన బియ్యం ఆరబెట్టుకోవడంతోనే సరిపోయింది. పిల్లవాడు చూస్తే నవ్వుతూ తిరుగుతున్నాడు. నొప్పి లేదంటున్నాడు. కట్టు మెత్తబడి ఊడిపోతుంటే వాడి నానీ తానే కత్తెరతో కోసి తీసేసింది. చెయ్యి వంగడం లేదని చూసి, ఆగస్టు మధ్యలో నా దవాఖానాకు తీసుకొచ్చింది.

"జర మంచి తైలం రాసి రుద్దుండ్రి హకీమ్ సాబ్, చెయ్యి సక్కగైతది" అంది.

చొక్కా చెయ్యి పైకి మడిచి చూశాను. తీగల కొసలు రెండూ చర్మం బయటే ఉన్నాయి. ఒకదాని చుట్టూ ఎర్రగా వాచి చీము కడుతోంది. తీయాల్సిన తీగలు ఏడో వారంలో కూడా పిల్లవాడి ఎముకలోనే ఉన్నాయి.

"ఆపా, నేను ముట్టుకోను. ముందు ఆసుపత్రి కాగితం పట్టుకుని ఇవాళే బయలుదేరండి" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. తీగల సంగతి సరే, అవి తీశాకైనా రుద్దవచ్చు కదా అని అడిగింది. తీశాక కూడా రుద్దకూడదన్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఊళ్ళో నూనెలు అమ్ముకుంటున్న హకీం ఈ మాట అనేసరికి ఆమెకు నమ్మకం కలగలేదు. ఆ రోజు ఆమెకు చెప్పిన కారణమే ఇవాళ మీకూ చెబుతాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంటుంది.

నా చేతులతో చేసిన తప్పు

నేను యూనానీ డిప్లొమా పూర్తి చేసి వచ్చిన కొత్త. అప్పట్లో గోదావరి మీద వంతెన లేదు, నాటు పడవలే దిక్కు. పెళ్ళయి ఏడాది కూడా కాని ఒక యువకుడు కిటికీ చట్రానికి రంగు వేస్తూ కిందపడి మోచెయ్యి దెబ్బ తీసుకున్నాడు. ఎముక కీలు తప్పితే ఎవరో సరిచేసి కట్టు కట్టారు. కట్టు విప్పాక చెయ్యి సగమే వంగుతోందని నా దగ్గరకు వచ్చాడు. రోగన్ సుర్ఖ్ వెచ్చచేసి నలభై రోజులు రుద్దాను. ప్రతిరోజూ కొంచెం కొంచెం బలవంతంగా వంచాను. అతను పళ్ళు బిగబట్టి ఓర్చుకునేవాడు. నొప్పి పుడుతోందంటే నరాలు కదులుతున్నాయని నేను ధైర్యం చెప్పేవాణ్ణి.

నలభై రోజులయ్యేసరికి ముందు వంగినంత కూడా వంగడం మానేసింది. చివరికి చంద్రపూర్ వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాడు. మోచేతి ముందున్న కండలో ఎముక పుట్టింది. అవును, కండలోనే! దెబ్బ తిన్న మోచేతి చుట్టూ ఉన్న కండను బలంగా రుద్దినా, బలవంతంగా వంచినా లోపల చితికి నెత్తురు చేరుతుంది, కొందరిలో అక్కడ ఎముక పెరుగుతుంది. ఎముకల డాక్టర్లకు ఇది బాగా తెలిసిన జబ్బు. ఆనాడు నాకు తెలియదు.

ఆ మనిషి ఇప్పటికీ ఉన్నాడు. కుడి చెయ్యి నోటిదాకా రాదు. ముస్లిం ఇంట్లో పుట్టినవాడికి ఎడమ చేత్తో ముద్ద తినాల్సి రావడం ఎంత బాధో మీకు వేరే చెప్పాలా? దావతుల్లో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోడు, ఇంటికి తీసుకెళ్ళి తింటాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. బజారులో ఎదురైతే ముందు తనే సలాం చేస్తాడు.

కనుక పాఠకులు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. పిల్లలకైనా పెద్దలకైనా మోచేతికి దెబ్బ తగిలినప్పుడు మర్దన వద్దు, లాగడం వద్దు, బలవంతాన వంచడం వద్దు. నా దగ్గర వద్దు, ఇంకే హకీం దగ్గరా వద్దు, పహిల్వాన్ దగ్గర అసలే వద్దు. పిల్లల్లో అయితే మోచెయ్యి పట్టేసినట్టున్నా కంగారు పడనక్కర్లేదు. చాలామంది పిల్లలకు కొన్ని నెలల్లో ఆటపాటల్లోనే అది వదులవుతుంది. గోరువెచ్చని నీటి బకెట్‌లో చెయ్యి పెట్టి వాడంతట వాడే ఆడుకోనివ్వండి. దువ్వెన చేతికివ్వండి, రొట్టె తుంచనివ్వండి. వాడి నొప్పి ఎక్కడ ఆపితే అక్కడ ఆగడమే కొలత.

పాత కితాబులు ఏమంటాయి?

యూనానీలో పడినప్పుడు, కొట్టుకున్నప్పుడు తగిలే దెబ్బలకు 'జర్బ వ సఖ్తా' అని వేరే అధ్యాయమే ఉంది. (పక్షవాతం వంటి జబ్బుకు చెప్పే 'సక్తా' వేరు, ఇది వేరు. మన దక్కనీ ఉచ్చారణలో రెండూ కలిసిపోతాయి.) మన హకీములు దెబ్బ వాపుకు మొదటి దశలో 'రాదె' మందులు, అంటే వాపును వెనక్కి నెట్టే చల్లని మందులు వాడమన్నారు. వాపు నిలిచి తగ్గుముఖం పట్టాకే 'ముహల్లిల్', అంటే కరిగించే వేడి మందులు వాడమన్నారు. ఇవాళ డాక్టర్లు మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన మంచుతో కాపమని, వేడి కాపడం తర్వాతేనని అంటున్నదీ అదే. మనవాళ్ళు మాత్రం పడిన గంటలోనే ఇటుక కాల్చి కాపడం మొదలుపెడతారు. వాపు రెట్టింపవుతుంది.

ఇబ్న్ సీనా తన 'ఖానూన్' నాలుగో భాగంలో ఎముకలు విరగడం, కీళ్ళు తొలగడం గురించి విడిగా రాశారు. వాపు ఉండగానే బద్దలు బిగించకుండా కొన్ని రోజులు ఆగమన్నారు. వెయ్యేళ్ళ కిందటి మాట అది. మన పల్లెల్లో వెదురు బద్దలతో కట్లు కట్టేవాళ్ళలో నేర్పరులు ఉన్నారు, కాదనను. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు ఉన్న పేరు తెలుగువాళ్ళలో తెలియనివారు తక్కువ. కానీ ఎంత నేర్పు ఉన్న చెయ్యి అయినా చర్మం పైనుంచి తడిమి చూడగలదే తప్ప, విరిగిన ముక్క నెత్తురు గొట్టాన్ని నొక్కుతోందో లేదో చెప్పలేదు. బిగుతైన కట్టు కింద నెత్తురు ఆడక ఒక్క రాత్రిలో కండ చచ్చిపోయి, చెయ్యి జీవితాంతం గద్ద గోరులా ముడుచుకుపోయిన పిల్లలు ఉన్నారు.

అందుకే కట్టు ఎవరు వేసినా, ఏ పెద్ద ఆసుపత్రిలో వేసినా ఇంటికి వచ్చాక కాపలా మీదే. వేళ్ళ కొసలు ఎప్పుడూ బయటకు కనిపించాలి. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టేలోగా మళ్ళీ ఎర్రబడాలి. నొప్పి తగ్గుతూ రావాల్సింది పోయి పెరుగుతూ ఉంటే, వేళ్ళు మెల్లగా చాపినా పిల్లవాడు కెవ్వుమంటే, తిమ్మిరెక్కినా, చల్లబడినా, నీలంగానో పాలిపోయో కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. రాత్రి రెండయినా సరే బయలుదేరండి. 108కి ఫోన్ చేయండి. కట్టు కట్టిన చెయ్యి మొదటి రోజుల్లో దిండు మీద గుండె కంటే ఎత్తులో ఉంచాలి. దురద పెడుతోందని కట్టు లోపలికి సైకిల్ పుల్ల, అల్లిక సూది దూర్చకూడదు. కట్టు కింద పసుపు, సున్నం పట్టు వేయడం మరీ ప్రమాదం. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, పైన కట్టు ఉండడంతో ఎవరికీ కనిపించదు.

తల మీద దెబ్బ

చెయ్యి విరిగితే అందరూ చెయ్యే చూస్తారు. కిటికీలోంచి పడ్డవాడికి తల కూడా తగిలి ఉంటుందనే అనుకోవాలి. మొఘల్ బాద్‌షా హుమాయూన్ 1556 జనవరిలో ఢిల్లీలోని తన గ్రంథాలయం మెట్ల మీద, అజాన్ విని ఆగబోతూ జారి పడ్డాడంటారు. పడిన చోటే పోలేదు, కొద్ది రోజుల తర్వాత పోయాడు. తల దెబ్బ తీరు అంత. లేచి కూర్చున్నాడు, చాయ్ తాగాడు, ఇక భయం లేదు అనుకోవడానికి వీల్లేదు.

ఆసుపత్రి నుంచి పంపించాక కూడా మొదటి రెండు రోజులు ఒకరు పక్కనే ఉండాలి. పదేపదే వాంతులు, లేపినా లేవని మత్తు, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్, చెవి ముక్కుల్లోంచి నీరో నెత్తురో కారడం, ఒక కంటిపాప పెద్దదవడం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నొప్పికి డిస్ప్రిన్ వంటి ఆస్పిరిన్ గోలీలు సొంతంగా వేయకండి, నెత్తురు కారడం ఎక్కువవుతుంది. ఇంట్లో దాదా, దాదీలు పడితే ఇంకా ఎక్కువ కాలం కనిపెట్టి ఉండాలి. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారి సంగతి మరీను. వాళ్ళకు తలలో నెత్తురు బొట్టుబొట్టుగా చేరి మూడు నాలుగు వారాల తర్వాత మతిమరుపుగానో, నడకలో తూలుడుగానో బయటపడవచ్చు. "ముసలితనం" అని సరిపెట్టుకోకండి. నెల కిందట పడ్డారన్న సంగతి డాక్టరుకు చెప్పండి.

పిల్లవాణ్ణి బడికి పంపడానికి తొందర అక్కర్లేదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, టీవీ, ఫోన్ తగ్గించడం, తర్వాత ఇంట్లో కాసేపు చదువు, ఆ తర్వాత సగం పూట బడి. తలనొప్పి మళ్ళీ వస్తే ఒక మెట్టు వెనక్కి. పూర్తిగా నెమ్మదించాక, డాక్టరు సరేనన్నాకే పరుగులు, క్రికెట్. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగలకూడదు.

పెద్దవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు

ఎత్తు నుంచి కాళ్ళ మీద పడ్డ పెద్దవారికి మడమ ఎముక పగులుతుంది. ఆ నొప్పిలో నడుము నొప్పిని మర్చిపోతారు. మడమ పగిలినవారి వెన్నుపూస కూడా దెబ్బ తిని ఉండవచ్చు, రెండూ చూపించాలి. మడమ మీద బరువు వేయడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఎప్పుడు మోపాలో ఎక్స్‌రే చూసిన డాక్టరే చెప్పాలి. "నలభై రోజులైంది, నడువు" అని ఇంట్లో పెద్దలు చెప్పేది కాదది. కాళ్ళలో తిమ్మిరి, మూత్రం, విరేచనం తెలియకుండా పోవడం ఉంటే అది వెన్ను నరాల సంగతి, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు.

మంచంలో ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పిరుదులు, మడమలు, వెన్ను కింద చర్మం ఎర్రబడితే పుండుకు అదే మొదలు. రోజుకు నాలుగైదుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలించాలి. కట్టు లేని కాలి పాదాలను పైకీ కిందికీ ఆడించమనాలి.

ఇక్కడ మళ్ళీ మర్దన సంగతి వస్తుంది. మంచంలో ఉన్న మనిషికి ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే కోడళ్ళు పాపం సేవ చేద్దామని నూనె రాసి పిసుకుతారు. అది గడ్డకట్టిన నెత్తురు కావచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో చిక్కుకోవచ్చు, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఆ పిక్క ముట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మా వైద్యంలో 'దల్క్', అంటే మర్దన, గొప్ప విద్య. పాతబడిన నడుము నొప్పికి, అలసిన కండకు, ఎముక పూర్తిగా అతుక్కున్నాక బిగుసుకున్న భుజానికి రోగన్ బాబూనా, జైతూన్ నూనె లాంటివి గోరువెచ్చగా రాసి తేలికగా నిమిరితే మంచి సుఖం ఉంటుంది. ఎప్పుడు చేయకూడదో తెలియనివాడి చేతిలో అదే విద్య కత్తి అవుతుంది.

తిండి, మందులు

ఎముక విరిగిందనగానే ఇంట్లో పాయా పొయ్యి మీదకెక్కుతుంది. పాయా రుచికి, ఓపికకు మంచిదే, తాగండి. కానీ దాంట్లో సున్నం సత్తువ మనం అనుకున్నంత ఉండదు. దానికంటే పాలు, పెరుగు, నువ్వులు, రాగి జావ, మా ప్రాణహితలో దొరికే చిన్న చేపలను ముళ్ళతో సహా నమిలి తినడం ఎక్కువ మేలు. ఎముక కట్టుకోవడానికి మాంసకృత్తులూ కావాలి, కనుక రోజూ గుడ్డు, పప్పు. నల్లేరు కాడల పచ్చడి మన తెలుగువాళ్ళ పాత అలవాటు, యూనానీవాళ్ళూ దీన్ని హడ్‌జోడ్ అని వాడతారు. చింతపండు వేసి బాగా వేయించకపోతే నోరు దురద పెడుతుంది. తినండి, అయితే నల్లేరు తిన్నామని కట్టు ముందుగా విప్పుకోకండి. ఎండ కూడా మందే. పరదాలో ఉండే మన ఇంటి ఆడవాళ్ళకు, రోజంతా గదిలోనే పడుకున్న రోగికి విటమిన్ డి తక్కువగా ఉండడం మామూలు. డాబా మీదో పెరట్లోనో కాసేపు ముఖం, చేతులు, కాళ్ళకు ఎండ తగిలేలా కూర్చోబెట్టండి.

మంచం మీద ఉన్నవారికి మలబద్ధకం పెద్ద బాధ. అక్కడ మా ఇస్పగోల్, గుల్కంద్ బాగా పనికొస్తాయి, నీళ్ళు మాత్రం ఎక్కువ తాగాలి. షుగర్ ఉన్నవారికి గుల్కంద్ వద్దు. మోమియాయీ పేరుతో బజారులో అమ్మే నల్లటి ముద్దల్లో ఏముంటుందో అమ్మేవాడికే తెలియదు. కుష్తాలు, అంటే భస్మాలు, పిల్లలకు అసలు ఇవ్వకండి. డాక్టరు మందులు వాడుతూ నా దగ్గరకో మరో హకీం దగ్గరకో వెళితే ఆ మందుల చీటీ చూపించడం మర్చిపోకండి. దాచిపెడితే మాకు మర్యాద చేసినట్టు కాదు.

మా గడ్చిరోలి జిల్లా మగవాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఖర్రా మానండి. బీడీ, సిగరెట్ కూడా. పొగాకులోని విషం ఎముక దగ్గరకు వెళ్ళే సన్నని రక్తనాళాలను బిగబడుతుంది, అతుకు ఆలస్యమవుతుంది. కాలికి రాడ్డు వేయించుకుని వచ్చి, బుగ్గలో ఖర్రా పెట్టుకుని "ఇంకా అతకలేదేంది సాబ్" అని అడిగేవాళ్ళను రోజూ చూస్తున్నాను.

వజూ గురించి చాలామంది అడుగుతారు. పిండికట్టు తడపకూడదు. కట్టు ఉన్న చోట తడి చేత్తో పైపైన మసహ్ చేసి, మిగతా అవయవాలు కడుక్కుంటే సరిపోతుందని ఉలమాలు చెప్పారు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేసుకోవచ్చు. నడుముకు బెల్టు వేసుకున్న మనిషి పట్టుబట్టి సజ్దాకు వంగి, మానుతున్న వెన్నుపూసను మళ్ళీ నలగ్గొట్టుకోవడం దీన్ అడగలేదు. మందులు వేళకు వేసుకోవాల్సిన రోగికి రంజాన్ ఉపవాసాలు తర్వాత పూర్తిచేసుకునే వెసులుబాటు ఉంది. సందేహం ఉంటే మీ ఇమామ్ గారిని అడగండి, కానీ అడగకుండా మందులు మానకండి.

దూరమే అసలు జబ్బు

ఇంత చెప్పినా మా సరిహద్దు మనుషుల చిక్కు వేరే ఉంది. చంద్రపూర్ నుంచి గడ్చిరోలి 1982లో వేరే జిల్లా అయినా సిరొంచ నుంచి జిల్లా కేంద్రానికి ఆలాపల్లి అడవి దారిలో రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే తెలుగు మాట్లాడే మేమంతా నది దాటి మంచిర్యాల, వరంగల్, కరీంనగర్ పోతాం. అక్కడ మా మహారాష్ట్ర రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ రాదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే అది వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది. అయితే ఆ ఆసుపత్రి ఆ పథకంలో ఉందో లేదో చేర్చే ముందే అడగాలి. ఆపరేషన్‌కు గాజులు అమ్మి డబ్బు కట్టిన కుటుంబం రెండోసారి చూపించడానికి బస్సు ఖర్చుకు వెనకాడుతుంది. నేను తప్పు పట్టను. కానీ మొదటి రెండు వారాల ఎక్స్‌రే ఎందుకంటే, సరిచేసిన ఎముక కట్టు లోపలే పక్కకు జరిగితే అప్పుడే తెలుస్తుంది, అప్పుడే తేలికగా సరిదిద్దవచ్చు. ఆరు వారాలకు అది వంకరగానే అతుక్కుపోతుంది. కనుక ఆసుపత్రిలో బిల్లు కట్టే రోజే తిరిగి వచ్చే తేదీలు అడిగి, ఆ ప్రయాణాల డబ్బు పక్కన పెట్టుకోండి. నది పొంగే నెలల్లో అయితే, వెళ్ళలేకపోతే ఇక్కడే దగ్గర్లో ఎక్స్‌రే తీయించి ఫోన్‌లో పంపితే చూస్తారా అని డాక్టరును ముందే అడిగి నంబరు రాయించుకోండి. తీగలు, కుట్లు ఏ తేదీన తీయాలో గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి.

ఆ పిల్లవాడి సంగతి చెప్పనే లేదు. మర్నాడు నానీ, మామూ కలిసి తీసుకెళ్ళారు. తీగలు తీశారు, చీముకు మందులిచ్చారు. అల్లాహ్ దయవల్ల అది ఎముక దాకా పోలేదు. వచ్చాక నేను చేసిందల్లా రెండు వారాలకోసారి పిలిచి, గోడ మీద బొగ్గుతో గీత గీసి, చెయ్యి ఎంతవరకు పోతుందో చూడడమే. డిసెంబరు నాటికి కుడి చేత్తో ముద్ద తింటున్నాడు. ఆ గీతలు ఇంకా మా దవాఖానా గోడ మీదే ఉన్నాయి, సున్నం వేయించేటప్పుడు అక్కడ మాత్రం వదిలేయించాను.

వాడి చెయ్యి కంటే ఆలస్యంగా మానింది వాడి తల్లి. వాడు రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచి కిటికీ మూయమని ఏడ్చేవాడట. అత్తింట్లో ప్రతి ఒక్కరూ "పిల్లవాణ్ణి చూసుకోలేకపోయింది" అని ఆమెనే అన్నారు. నాలుగు నెలలు ఆమె సరిగ్గా అన్నం తినలేదు, నిద్రపోలేదు. నానీ ఆమెకు బలం మందు అడిగితే ఖమీరా గావ్‌జబాన్ ఇచ్చాను. దానితోపాటు ఆమె భర్తను పిలిపించి అడిగాను, "ఊచలు కోయించింది ఎవరు బేటా?" అని. తల వంచుకున్నాడు. ఆ వారమే వెల్డింగువాణ్ణి పిలిపించాడు.

న్యూయార్క్ నగరంలో పిల్లలు కిటికీల్లోంచి పడి చనిపోవడం ఎక్కువై, 1970లలో అక్కడి ఆరోగ్యశాఖ 'పిల్లలు ఎగరలేరు' అని అర్థమొచ్చే పేరుతో ప్రచారం చేసింది. 1976లో పదేళ్ళలోపు పిల్లలున్న అద్దె ఇళ్ళ కిటికీలకు అడ్డు ఊచలు తప్పనిసరి చేసింది. పడడాలు బాగా తగ్గాయి. మనకు చట్టం అక్కర్లేదు. ఊచల మధ్య సందు నాలుగు అంగుళాలకు మించకూడదు, మంచం కిటికీకి దూరంగా జరపాలి. దోమల జాలీ పిల్లవాడి బరువు ఆపదు, దాన్ని అడ్డు అనుకోకండి. కూలర్ కోసమే అయితే కిటికీ చట్రానికి బోల్టులతో బిగించే ఊచల చట్రం చేయించుకోండి. కూలర్ దించిన రోజే, పిల్లలు ఆ గదిలోకి వెళ్ళకముందే దాన్ని తిరిగి బిగించండి. నిప్పంటుకుంటే పెద్దవాళ్ళు లోపలి నుంచి తీయగలిగేలా ఉండాలి.

ఇక నా దగ్గరకు వచ్చేవారికి ఒక మనవి. డిశ్చార్జి కార్డు, మందుల చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు అన్నీ తీసుకురండి. ఫిల్ము మడతపెట్టకండి, మడిచిన చోట గీత పడితే అది ఎముక పగులో, ఫిల్ము పగులో నాకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.